గిలక మీద ఎర్రగుడ్డ

మా అక్క ఖమర్‌బీని శేషాచలం శెట్టి మిల్లులో పనికి పెట్టాలని నాయన అనుకున్న రోజు నేను ఒక కాగితం రాశాను. వేముల దగ్గర మా పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే. నోటితో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. కొత్తవాళ్ళ ముందు నా గొంతు లేవదు. ఇంటికి ఎవరైనా వస్తే అమ్మ వెనక్కి పోయి నిలబడతాను. శెట్టి ఏమైనా అడిగితే చెప్పలేకపోతానేమోనని భయపడి, డైరీలోంచి ఒక పేజీ చింపి, అక్క గురించి ఆయన తెలుసుకోవలసిన సంగతులు రాసి, మడిచి రవికెలో దాచుకున్నాను.

ఆ కాగితం రెండు నెలలు నా దగ్గరే ఉండిపోయింది.

అక్కకు వినపడదు. నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ చెవులు తీసుకుపోయిందని అమ్మ అంటుంది. నాయన బండి కట్టించుకుని జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడట. అక్కడి డాక్టరమ్మ చెవుల్లోకి లైటు వేసి చూసి, "వినికిడి మళ్ళీ రాదు. పిల్ల మాత్రం చురుకైనది. మూల కూర్చోబెట్టకండి, పని నేర్పండి" అని చెప్పిందట. నాయన ఆ మాట మరిచిపోలేదు. మేము దూదేకులవాళ్ళం. దూది ఏకడం, పరుపులు కుట్టడం అన్నీ అక్కకు నేర్పాడు. నేను కుట్టిన పరుపు మీద పడుకుంటే గుట్టలెక్కి దిగినట్టు ఉంటుందని, అక్క కుట్టింది చదునుగా ఉంటుందని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు.

పోయిన ఏడు నాయనకు దగ్గు ముదిరింది. దూది నలుసు పీల్చకూడదన్నారు. పల్లె విడిచి ప్రొద్దుటూరు వచ్చాం. నాయన ఒక బట్టల అంగట్లో కాపలా పనికి చేరాడు. సామాన్లు సర్దుకునే లోపల వల్లూరు నుంచి మా మేనత్త షాహీదాబీ దిగింది.

"ఆ పిల్లను నా కాడికి పంపించు తమ్ముడా. మేకలు కాస్తాది, పేడ ఎత్తాది. యాడ కూర్చోమంటే ఆడ కూర్చుంటాది. నోరు జేసేది కాదు గదా!" అని తన మాటకు తానే నవ్వింది.

అంతకు ముందు ఏడు అక్క అత్త ఇంట్లో ఒక నెల ఉంది. ఆ ఇంట్లో ఎవరూ అక్కతో చేతులతో మాట్లాడరు. పని కావాలంటే భుజం పట్టి తోస్తారు. అక్క తిరిగి వచ్చాక వారం రోజులు ఒళ్ళో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది. నేను ఏం అడిగినా ఆ చేతులు కదల్లేదు. నాకు అప్పుడు వేసిన భయం ఇప్పటికీ పోలేదు. ఇంకోసారి పంపితే ఆ చేతులు ఎప్పటికీ కదలవేమో అనిపించింది.

నాయన ఇదంతా అత్తకు చెప్పలేదు. "దసరా దాకా ఆగక్కా. ఈడ పని దొరికి నిలబడితే సరే. లేదంటే దసరా నాడు నువ్వే వచ్చి తీసుకపో" అన్నాడు.

అలా మేము ముగ్గురం శెట్టి మిల్లుకు వెళ్ళాం. అది శనక్కాయలు ఒలిచే మిల్లు. శెట్టి బాగా పొట్ట ఉన్న మనిషి. చెవి మీద పెన్సిలు, భుజం మీద తువ్వాలు ఉంటాయి.

"పేరేందమ్మీ?" అని అక్కను అడిగాడు.

"దానికి వినపడదు సామీ" అన్నాడు నాయన.

అంతే, శెట్టి చూపు అక్క మీద నుంచి నా మీదికి తిరిగింది. ఇక ఆ తర్వాత ఒక్కసారి కూడా అక్క వైపు చూడలేదు.

"మీ యక్క కోపిష్టిదా? మూగోళ్ళకు కోపం శానా అంటారే. మనం చెప్పేది దానికి అర్థమైతాదా? పని మధ్యలో లేచి యాడికన్నా పోతాదా?"

నేను నేల చూస్తూ నిలబడ్డాను. రవికెలో కాగితం గుచ్చుకుంటోంది. తీసి ఇస్తే చాలు. చెయ్యి లేవలేదు.

అక్క కాసేపు మా ముగ్గురి మొహాలూ చూసింది. తర్వాత విసుగు పుట్టినట్టుంది, పోయి కాయల రాశి దగ్గర కూర్చుని, అక్కడ పడి ఉన్న చేట తీసుకుని చెరగడం మొదలుపెట్టింది. రాళ్ళు ఒక పక్క, గింజ లేని తప్పకాయలు ఒక పక్క, మంచి కాయలు చేట అంచున. శెట్టి మాట్లాడడం ఆపి చూశాడు.

"పని రాదని ఎవరన్నారు? చెయ్యి గూడా సన్నగా ఉండాది. నాకు జల్లెడ కాడికి అట్లాంటి చెయ్యే కావాల. నా భయమల్లా అదో, దానికి" అని గోడకు వేలాడుతున్న ఇనప ముక్కను చూపించాడు.

అది రైలు పట్టా ముక్క. మిల్లులో దాన్నే గంట అంటారు. మిషన్లో పోసిన కాయలు పగిలి గింజలు కింద జల్లెడలో పడతాయి. జల్లెడ రంధ్రాల్లో కాయలు ఇరుక్కున్నప్పుడల్లా బెల్టు తప్పించి మిషను ఆపి, ఒకరు లోపలికి చెయ్యి పెట్టి వాటిని తీయాలి. ఇంజను గది గోడ అవతల ఉంటుంది. మళ్ళీ బెల్టు ఎక్కించే ముందు ఇంజను డ్రైవరు అలీ అహ్మద్ ఆ ఇనప ముక్క మీద మూడు దెబ్బలు కొడతాడు. ఆ చప్పుడు వినగానే చెయ్యి బయటికి తీయాలి. తీయకపోతే చెయ్యి ఉండదు.

"గంట ఇనపడకపోతే ఎట్ల? నాకు పాపం చుట్టుకోదా దావూదూ?" అని నాయనను అడిగాడు శెట్టి. దానికి జవాబు నా కాగితంలో లేదు.

అప్పుడు గోడ అవతల నుంచి అలీ అహ్మద్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నాయనకు తెలిసినవాడే, మేము అలీ మామా అంటాం. "గంట ఈ పిల్లకొక్కదానికే ఇనపడదా శెట్టీ? పక్క మిషను తిరగతాంటే నేను కొట్టేది జల్లెడలో చెయ్యి పెట్టే ఆ వనజమ్మకు మాత్రం ఇనపడతాందా? నా ఎడమ చెవిని ఈ ఇంజను ఎప్పుడో తినేసింది. నన్ను గూడా తీసేస్తావా?" అన్నాడు.

ఆయన ఒక పాత గిలక తెచ్చి మిషను పైన దూలానికి బిగించాడు. తాడు ఒక కొసకు ఎర్రగుడ్డ కట్టి, రెండో కొసను గోడ కన్నంలోంచి ఇంజను గదిలోకి లాగాడు. ఆయన తాడు లాగితే గుడ్డ పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. గుడ్డ పైన ఉంటే చేతులు బయట. కింద ఉంటేనే చేతులు లోపల. అక్కకు ఒక్కసారి చేసి చూపించాడు. అక్క ఆయనతో పదిసార్లు చేయించింది. గుడ్డ లేచిన ప్రతిసారీ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. చివరికి శెట్టి కూడా నవ్వాడు.

"సరే. దసరా దాకా చూస్తా. నిలబడితే ఆ పొద్దు మాట్లాడుకుందాం. అయితే ఒకటి, చెల్లెలు గూడా రావాల. ఎప్పుడూ పక్కనే ఉండాల" అన్నాడు.

మొదటి రోజుల్లో మిల్లు ఆడవాళ్ళు అక్కను మూగమ్మీ అని పిలిచేవాళ్ళు. వాళ్ళ పెద్ద వనజమ్మ. "రెండు నోర్లకు కూలిచ్చి ఒక నోరే తెచ్చుకున్న్యాడు శెట్టి. ఆ ఒక్కటి గూడా మూసుకునే ఉంటాది" అని నన్ను చూసి ఎగతాళి చేసేది. కాని మిషన్లు తిరగడం మొదలైతే ఆ మిల్లులో నోళ్ళతో పని లేదు. ఎంత అరిచినా పక్కనున్న మనిషికి వినపడదు. వాళ్ళంతా నీళ్ళకు బొటనవేలు, తమలపాకుకు అరచెయ్యి చూపించుకుంటూ తంటాలు పడేవాళ్ళు. అక్క వచ్చాక ఆ సైగలు పదయ్యాయి, ఇరవయ్యాయి. ఎక్కువ పనికొచ్చింది శెట్టి సైగ. కుడిచేత్తో పొట్టను ఒకసారి గుండ్రంగా నిమిరితే శెట్టి వస్తున్నాడని అర్థం. ఈ కొసన అక్క పొట్ట నిమిరితే ఆ కొసన ఉన్న ముసలామె దాకా అందరూ నిమిషంలో పనిలో పడేవాళ్ళు. నెల తిరిగేసరికి వనజమ్మ భోజనాల వేళ అక్క పక్కనే కూర్చునేది. ఇంట్లో కోడలి మీద చాడీలన్నీ చేతులతోనే చెప్పేది. వినేదానికి అక్కకంటే మంచి మనిషి లేదనేది, విన్న మాట ఎవరికీ మోయదని.

నాకు అక్క పక్కన చేసేదేమీ లేదు. రాశి దగ్గర కూర్చుని కాయలు ఏరేదాన్ని. శెట్టి మాత్రం ఏది చెప్పాలన్నా నన్నే కేకేసేవాడు. ఒక్కోసారి మరిచిపోయి అక్కను వెనక నుంచి పిలిచి, పలకలేదని మొహం ముడుచుకునేవాడు. అప్పుడల్లా కాగితం ఇవ్వాలనుకునేదాన్ని. రేపు ఇస్తాను అనుకునేదాన్ని.

కర్నూలు రాజధాని పోయి హైదరాబాదు వస్తుందని మిల్లులో మగవాళ్ళు వాదించుకుంటున్న రోజులవి. దసరా వచ్చింది. నవమి నాడు మిల్లులో ఆయుధపూజ. పొద్దున్నే మిషన్లు కడిగి, ఇంజనుకు బొట్లు పెట్టిన తర్వాత అలీ మామ సెలవు తీసుకుని ఇంటికి పోయాడు. ఆడవాళ్ళందరం కలిసి బంతిపూల దండలు కట్టాం. మధ్యాహ్నం శెట్టి పట్టుపంచె కట్టుకుని, కాటాకు, జల్లెడకు, మూటలు కుట్టే దబ్బనానికి కూడా పసుపు కుంకుమ పెట్టాడు. ఆ తర్వాత తల ఎత్తి దూలం కేసి చూశాడు. అక్క ఎర్రగుడ్డ మసి పట్టి నల్లగా వేలాడుతోంది.

"ఇది గూడా ఆయుధమే గదా" అన్నాడు.

నిచ్చెన తెప్పించి, వద్దన్నా వినకుండా తానే ఎక్కాడు. కింద నలుగురు నిచ్చెన పట్టుకున్నారు. మసిగుడ్డ విప్పేసి, తాడు కొసను కిందికి వదిలేసి, జరీ అంచు ఉన్న కొత్త ఎర్రగుడ్డ తీసి, గాలికి పడిపోకుండా గిలక పక్కనే దూలానికి చుట్టి మూడు ముళ్ళు వేశాడు. గిలకకు కుంకుమ పెట్టి దండం పెట్టాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అక్క కోసం పెట్టిన గిలకకు అంత పెద్దమనిషి దండం పెట్టాడు. అక్క నా చెయ్యి లాగి, పైకి చూపించి ఏదో చెప్పబోయింది. బాగుందంటోందనుకుని నేను తల ఊపాను. పూజలో అందరి ముందూ చేతులు ఆడించడం నాకు సిగ్గు. అక్క మళ్ళీ లాగింది. తర్వాత, అన్నాను. బొరుగులూ కొబ్బరిముక్కలూ పంచారు. ఆ తర్వాత నేను ఆ మాటే మరిచిపోయాను.

ఇంటికి పోయేసరికి షాహీదాబీ అత్త వచ్చి ఉంది. అక్క బట్టలకని ఖాళీ సంచి కూడా తెచ్చుకుంది. "రేపు పదకొండు గంటల బస్సు. మీ శెట్టి ఏందో తేల్చినాక నేనే మిల్లు కాడికొచ్చి పిలుచుకపోతా" అంది. అక్క ఆ సంచిని చూసింది. ఆ రోజు అన్నం సగమే తిన్నది.

దశమి నాడు పొద్దున తొమ్మిదిన్నర లోపల మంచి ఘడియ ఉందని, ఆ లోపల కొత్త కాయలు ఒక మూటైనా ఒలవాలని శెట్టి తొందరపడుతున్నాడు. పులివెందుల నుంచి వచ్చిన బండ్లు గేటు బయట వరసగా నిలబడి ఉన్నాయి. ఇంజను మొదలైంది. కొబ్బరికాయ కొట్టారు. మొదటి మూట మిషన్లో పోశారు. పట్టుమని ఐదు నిమిషాలు తిరిగిందో లేదో, మిషను గురగురమని మూలిగింది. దండల్లోని బంతిపూలు కాయలతో పాటు లోపలికి పోయి జల్లెడను మూసేశాయి. బెల్టు తప్పించారు. మిషను ఆగింది.

"జల్లెడ! జల్లెడ చూడండి!" అని శెట్టి గడియారం తీశాడు. తొమ్మిదీ పది.

అక్క జల్లెడ దగ్గరికి వచ్చింది. వంగబోతూ తల ఎత్తి పైకి చూసింది. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కదలకుండా నిలబడింది.

"ఏంది, చెయ్యి పెట్టదేంది?" అన్నాడు శెట్టి.

అక్క తల అడ్డంగా ఊపింది.

"పండగ పూట మొండికేసిందే! మే వనజమ్మా, నువ్వన్నా తియ్‌ మే!"

వనజమ్మ గాజులు పైకి తోసుకుని జల్లెడలోకి చెయ్యి పెట్టింది. అక్క ఒక్క ఉదుటున వచ్చి ఆమె మణికట్టు పట్టి బయటికి లాగి పడేసింది. రెండు గాజులు పగిలాయి. వనజమ్మ వెనక్కి పడి కాయల రాశి మీద కూర్చుంది.

"అమ్మో, కొట్టింది! మూగముండ నన్ను కొట్టింది!" అని అరిచింది.

"చూసినారా? కోపం శానా అంటే ఎవరూ నమ్మకపోతిరి" అన్నాడు శెట్టి. ఆయన మొహం ఎర్రగా అయింది. "యాడ దీని చెల్లెలు? పిలవండి! దసరా దాకా చూస్తా అన్న్యాను, చూసినాను. సాలు. పిలుచుకపో మీ యక్కను!"

రాశి దగ్గర నుంచి నేను పరిగెత్తుకుంటూ వచ్చాను. అందరూ నన్నే చూస్తున్నారు. అక్క నా ఎదుటికి వచ్చింది. ఆమె చేతులు ఎంత వేగంగా ఆడుతున్నాయంటే మొదట నాకేమీ అందలేదు. పైకి చూపించింది. చేతులు దాచుకుంది. పిడికిళ్ళతో ఏదో బిగించినట్టు మూడుసార్లు చూపించింది. ఒకటి, రెండు, మూడు. తర్వాత నిన్న నా చెయ్యి లాగినట్టే మళ్ళీ లాగింది.

నేను తల ఎత్తి చూశాను. జరీ గుడ్డ దూలం కింద తళతళమంటోంది. మూడు ముళ్ళు. అప్పుడు అర్థమైంది.

చెప్పాలి. కాని ఎలా చెప్పాలి? దాన్ని కట్టింది శెట్టి. పూజకు కట్టాడు, దండం పెట్టి కట్టాడు. మీరు చేసిన పూజ వల్లే ఇది జరిగిందని, ఆయన మిల్లులో నిలబడి, ఇంతమంది ముందు, నేను చెప్పాలి. అక్క నన్నే చూస్తోంది. ఆమె చేతులు నెమ్మదిగా కిందికి దిగిపోయాయి. అత్త ఇంటి నుంచి వచ్చిన వారం రోజులూ అవి ఎలా ఉన్నాయో అలా దిగిపోయాయి.

"అయ్యా" అన్నాను.

"ఏంది? గట్టిగా చెప్పు!"

"గుడ్డ… పైనుంది."

"పైనే ఉంటాది. పూజకు నేను గట్టింది గదా!"

"అందుకే" అన్నాను. ఆ ఒక్క మాట బయటికి వచ్చాక మిగిలినవి వాటంతట అవే వచ్చాయి. "గుడ్డ పైనుంటే చెయ్యి పెట్టొద్దని గదా మాకు చెప్పింది. మీరు దాన్ని దూలానికి కట్టేసినారు. నిన్నటి నుంచి అది దిగలేదు. అది పైన ఉండంగ బెల్టు ఎప్పుడు ఎక్కిస్తారో ఆమెకు ఎట్ల తెలుస్తాది? వనజమ్మ చెయ్యి పోతాదని లాగింది. కొట్టలే."

గోడ అవతల ఇంజను ఒక్కటే కొట్టుకుంటోంది. అలీ మామ తొంగి చూసి, "ఏందింత సేపు? నేను తాడు ఎప్పుడో వదిలినా, గుడ్డ దిగలేదా?" అంటూ వచ్చాడు. పైకి చూశాడు. తాడు పట్టి లాగాడు, వదిలాడు. గుడ్డ కదల్లేదు.

"ఎవురప్పా దీన్ని ముడేసింది?"

శెట్టి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నేనే" అన్నాడు. "మసిగా ఉండాదని… కొత్తది గడితే మంచిదనుకున్న్యా."

అలీ మామ పగలబడి నవ్వాడు. "మంచిదే! ఈ మిల్లులో నేను పెట్టిన రూలు పాటించేది ఈ అమ్మి ఒక్కతే అని తేలిపాయ!"

వనజమ్మ రాశి మీద నుంచి లేచి, మణికట్టు చూసుకుని, జల్లెడ చూసి, అక్కను చూసింది. "నా చెయ్యి పోతాదనా? నేనేందో తిట్టేస్తి కదే తల్లీ" అని అక్క గడ్డం పట్టుకుంది.

శెట్టి గడియారం చూశాడు. తొమ్మిదీ ఇరవై. "ఇప్పుడెట్ల? పూజకు కట్టింది మూన్నాళ్ళు విప్పకూడదు. మా యమ్మకు తెలిస్తే అన్నం మానేస్తాది. ఏం చేద్దాం పాపా? మీ యక్కకు చెప్పు, ఈ ఒక్కసారికి…"

నేను చెప్పే లోపలే అక్క కదిలింది. మూలన పడి ఉన్న ఒక చిరిగిన చేట తెచ్చింది. కింద వదులుగా వేలాడుతున్న తాడు కొసను దానికి కట్టింది. అలీ మామ వైపు తిరిగి లాగమని సైగ చేసింది. చేట గిరగిర తిరుగుతూ పైకి లేచింది. అక్క జరీ గుడ్డను చూపించి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. తర్వాత చేటను చూపించి చేతులు వెనక్కి దాచుకుంది. అది శెట్టికి నేను విడమరచి చెప్పే పని లేకపోయింది.

"చేటనెవురన్నా పూజలో ఎగరగడతారా? ఇంక ఎవురూ దాని జోలికి పోరు" అంది వనజమ్మ.

అలీ మామ ఇంజను గదిలోకి పోయాడు. చేట కిందికి దిగింది. అక్క జల్లెడలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి నలిగిన బంతిపూలు తీసింది. తీసినవి తీసినట్టు తెచ్చి శెట్టి దోసిట్లో పోసింది. చేట లేచింది. చేతులు బయటికి వచ్చాయి. బెల్టు ఎక్కింది. మిషను తిరిగింది. తొమ్మిదీ ఇరవై ఏడు. శెట్టి పూల దోసిలితోనే గోడకు ఆనుకుని, "అబ్బ" అని గట్టిగా ఊపిరి వదిలాడు. నేను నేల మీద కూలబడ్డాను.

పదిన్నరకు షాహీదాబీ అత్త సంచి పట్టుకుని మిల్లు గేటు దగ్గరికి వచ్చింది. మూటలు చూసుకుంటున్న శెట్టి, "ఎవరామె?" అన్నాడు.

"మా మేనత్త" అన్నాను. ఈసారి గొంతు త్వరగానే లేచింది. "అక్కను వల్లూరుకు తీసుకుపోవాలని వచ్చింది. మీరు దసరా దాకానే అన్నారు గదా."

ఆయన ఏమీ అనే లోపల రవికెలోంచి కాగితం తీసి ఇచ్చాను. రెండు నెలల చెమటకు సిరా అలికిపోయింది. శెట్టి కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు.

"ఎదురుగా నిలబడి చెప్పండి. వెనక నుంచి పిలిస్తే పలకలేదని కోపపడకండి. పని ఒకసారి చేసి చూపిస్తే చాలు. కోపం మా అందరికీ ఎంతుందో ఆమెకూ అంతే ఉంది. ఆమె పక్కన ఎప్పుడూ ఒకరు తోడుండాలి." కళ్ళజోడు పై నుంచి నన్ను చూశాడు. "ఇది ఎప్పుడు రాసినావు?"

"మొదటి రోజే."

"మరి ఇయ్యలేదేంది? నేనేమన్నా కరస్తానా?"

అక్క మధ్యలోకి వచ్చి ఏమిటని అడిగింది. ఒక్కొక్క మాటా చేతులతో చెప్పాను. అన్నిటికీ తల ఊపింది. చివరి మాట దగ్గర ఊపలేదు. శెట్టి చెవి మీది పెన్సిలు చటుక్కున లాగి, ఎక్కడుందో చూపించమని నన్నడిగి, ఆ చివరి వరస మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. నా మొహం వేడెక్కింది. అక్క గురించి అందరికీ నేనే చెప్పాలనుకున్నాను గాని, ఆ కాగితాన్ని ఒక్కసారైనా అక్కకు చూపించలేదు.

శెట్టి నవ్వాడు. "ఇంకా ఏమన్నా రాయమంటాదేమో అడుగు పాపా… ఉండు ఉండు, నేనే అడగతా."

ఆయన కదిలి అక్కకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచనట్టు ఒక నిమిషం ఆలోచించాడు. తర్వాత కుడిచేత్తో తన పొట్టను గుండ్రంగా ఒకసారి నిమిరాడు.

వనజమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏరేవాళ్ళందరూ ఒక్కసారిగా తలలు వంచుకున్నారు.

"నాకు తెలీదనుకున్న్యారా మే?" అన్నాడు శెట్టి వెనక్కి తిరక్కుండానే. మిషను చూపించాడు, అక్కను చూపించాడు, రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి అన్నట్టు చెయ్యి ముందుకు ముందుకు విసిరాడు. కనుబొమ్మలు ఎత్తి ఆగాడు.

అక్క నన్ను చూడలేదు. శెట్టినే చూస్తూ తల ఊపింది. వెంటనే వేలెత్తి గిలక చూపించి, నిచ్చెన ఎక్కినట్టు చేసి, మూడు ముళ్ళు వేసి, ఆ వేలును ఆయన మొహం ముందు అటూ ఇటూ ఆడించింది. తర్వాత తన గుండె మీద తట్టుకుంది.

"అది నాకు అర్థమైందిలే" అని శెట్టి పెన్సిలు నాకిచ్చాడు. "రాయి. ఏది మార్చాలన్నా ముందు ఆమెకు చూపించాల."

కొట్టేసిన వరస కింద ఆ మాట రాశాను. శెట్టి దాన్ని అన్నం మెతుకులతో గంట పక్కన గోడకు అంటించాడు.

అత్త ఇదంతా గేటు దగ్గర నిలబడి చూసింది. "అయితే నేనొక్కదాన్నే పోవాల్నా? ఖాళీ సంచి ఊపుకుంటా పోతే ఊళ్ళో ఏమంటారు?" అంది.

"రెండు సేర్ల కాయలు పొయ్యండప్పా ఆమె సంచిలో, పండగ పూట" అన్నాడు శెట్టి. అక్కే పోసింది. బస్సుకు బయల్దేరేటప్పుడు అత్త అక్క భుజం పట్టబోయి ఆగింది. ఎదురుగా తిరిగి, రాని చేతులతో ఏదో తినమన్నట్టు సైగ చేసింది. బాగుండమని అయి ఉంటుంది. అక్క నవ్వింది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి నాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అంగట్లో పని వదిలి ఎప్పుడొచ్చాడో. సంచి లేదు, అత్త లేదు, అక్క ఉంది. "శెట్టి ఏమన్న్యాడు?" అని నన్ను అడగబోయాడు. నేను అక్క వెనక్కి జరిగాను. నాయన అక్క వైపు తిరిగి, చేతులతో అదే మాట అడిగాడు.

అక్క పొట్టను గుండ్రంగా నిమిరింది. చెయ్యి ముందుకు విసిరింది. రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి.

నాయన ఆ పొట్ట సైగ అంతకు ముందెప్పుడూ చూడలేదు. కాని అదెవరో ఇట్టే తెలిసిపోయింది. గోడ పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.